చెన్నై డిసెంబరు కచేరీలు: చేతిలో రెండు రోజులే ఉంటే దేనికి కూర్చోవాలి?

డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా చెన్నైలో ఏ పూటైనా ఒకేసారి ఎన్నో చోట్ల కర్ణాటక సంగీత కచేరీలు నడుస్తూ ఉంటాయి. మైలాపూరు, ఆళ్వారుపేట, టి.నగర్, తిరువళ్లిక్కేణి అన్నీ కొద్ది కిలోమీటర్ల లోపలే. అయినా ఒక సభలో (కచేరీలు నడిపే సంస్థలనూ వాటి హాళ్లనూ అక్కడ సభ అంటారు) కచేరీ మొదట్లో పాడే వర్ణం వింటున్నవారు అదే సమయంలో మరో సభలో ఆలాపన వినలేరు కదా. నెల పొడుగునా అక్కడే ఉండే రసికులు ఈ రోజు వినలేకపోయిన గాయకుణ్ణి ఎల్లుండి వేరే సభలో వింటారు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో శుక్రవారం రాత్రి రైలెక్కి, ఆదివారం తిరుగు ప్రయాణం పెట్టుకున్నవారికి ఆ వెసులుబాటు లేదు.

మనవాళ్లు సాధారణంగా చేసేది ఇది. కచేరీల పట్టిక చేతికి రాగానే తెలిసిన పేర్లు వెతుకుతారు. రెండు సాయంత్రాలకూ ఇద్దరు ప్రముఖుల టికెట్లు కొంటారు. పగలంతా పాండీబజారులో చీరల కొట్ల చుట్టూ తిరిగి, అలసిపోయి వచ్చి సభలో కూర్చుంటారు. ప్రధాన కృతి మొదలయ్యేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి. నా సలహా దీనికి ఎదురు. ముందు పూట ఎంచుకోండి, గాయకుడి పేరు తర్వాత చూడండి. రెండు రోజుల్లో మనసులో నిలిచిపోయే పాట పగటిపూట దొరికే అవకాశమే ఎక్కువ.

ముందుగా మీ సంగతి తేల్చుకోండి

మొదటి ప్రశ్న సాహిత్యం, అంటే పాటలోని మాటల గురించి. కచేరీల్లో పాడే కృతుల్లో పెద్ద వాటా తెలుగులో ఉంటుంది. త్యాగరాజు, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య, అన్నమయ్య, జావళీలు (తేలికపాటి శృంగార గీతాలు) రాసినవారు, అందరూ ఎక్కువగా మన భాషలోనే రాశారు. చుట్టూ కూర్చున్న చాలామందికి అర్థంకాని మాటలు మీకు వినగానే తెలుస్తాయి. ఇది మీకున్న పెద్ద అనుకూలత, ఒక్కోసారి అదే ఇబ్బంది కూడా. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం కాబట్టి అక్కడి పాటల పుస్తకాల్లో అక్షరాల పక్కన అంకెలు వేసి తేడా చూపుతారు. ఆ అంకెలను శ్రద్ధగా పట్టించుకుని నేర్చుకున్నవారు, భాష తెలిసినవారిని అడిగి అర్థం తెలుసుకున్నవారు అక్షరం పొల్లుపోకుండా పాడతారు. తక్కినవారు మాటను ఎక్కడ పడితే అక్కడ విరుస్తారు. అది మీ చెవికి ఎంత గుచ్చుకుంటుందన్న దాన్ని బట్టి మీ ఎంపిక మారాలి.

రెండోది ఓపిక. వరసగా రెండున్నర గంటలు కూర్చోగలరా, గంటన్నరకే కాళ్లు లాగుతాయా? ఇక్కడ నిజాయితీ అవసరం. మూడోది టికెట్టు. పెద్ద సభల్లో ముందు వరసలు సీజను టికెట్లవారికి, సభ్యులకు, దాతలకు పోతాయి. రోజువారీ టికెట్టుతో వచ్చేవారికి వెనక వరసలో, పై అంతస్తులో చోటు దొరికినా అదృష్టమే. నాలుగోది దూరం. మ్యూజిక్ అకాడమీ, నారద గాన సభ రెండూ టి.టి.కె. రోడ్డు మీదే ఉన్నాయి. వాణీ మహల్, కృష్ణ గాన సభ రెండూ టి.నగర్‌లో ఉన్నాయి. ఒక పూట ఒక పేటలోనే గడిపితే హాయి. ఆళ్వారుపేట నుంచి టి.నగర్‌కు సాయంత్రం ఆరు గంటలకు ఆటోలో బయల్దేరితే మీరు దారిలో ఉండగానే అక్కడ వర్ణం అయిపోతుంది.

| పూట | నిడివి | టికెట్టు | బలం | లోటు |
|---|---|---|---|---|
| ఉదయపు సోదాహరణ ప్రసంగం | గంట లోపు | సాధారణంగా ఉచితం | వినడం నేర్పుతుంది | ఎక్కువగా ఇంగ్లీషులో సాగుతుంది |
| మధ్యాహ్న కచేరీ | గంటన్నర ప్రాంతం | చాలాచోట్ల ఉచితం | ముందు వరస, కొత్త గొంతులు | విస్తారమైన రాగం తానం పల్లవి అరుదు |
| నాలుగు గంటల కచేరీ | సుమారు రెండు గంటలు | సభను బట్టి | పరిణతి, పట్టుదల రెండూ | చీకటి పడే వేళ జనం లేచిపోతారు |
| సాయంత్రపు ప్రధాన కచేరీ | రెండున్నర గంటలు | ఉంటుంది, త్వరగా అయిపోతుంది | పూర్తి కచేరీ, మేటి పక్కవాద్యాలు | రద్దీ, దూరపు సీటు |
| చిన్న హాలు | మారుతుంది | తక్కువ లేదా ఉచితం | చెవికి హాయి | చోటు త్వరగా నిండిపోతుంది |

వేళలూ టికెట్టు నియమాలూ సభ సభకూ మారతాయి. ఆ ఏటి పట్టిక చూసే బయల్దేరండి.

ఉదయం: పాట కంటే ముందు మాట

1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు ఒక సంగీత సదస్సు కూడా జరిగింది. దాని ఫలంగా మరుసటి ఏడాది మ్యూజిక్ అకాడమీ మొదలైంది. అంటే ఈ ఉత్సవానికి పునాది పడింది ఒక చర్చావేదిక మీద. ఆ అలవాటు నేటికీ నిలిచి ఉంది. ఉదయం ఎనిమిది దాటాక అకాడమీలో విద్వాంసులు ఒక రాగాన్నో, ఒక వాగ్గేయకారుణ్ణో, ఒక వాద్యం వాయించే పద్ధతినో తీసుకుని పాడి వినిపిస్తూ వివరిస్తారు. ఆ ఏడాది అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదుకు ఎంపికైనవారే ఈ సదస్సుకు అధ్యక్షులు. ప్రసంగం అయ్యాక నిపుణులు లేచి ప్రశ్నలు వేస్తారు, ఒక్కోసారి సున్నితంగానే తప్పు పడతారు. ఆ కాసేపు చూడముచ్చటగా ఉంటుంది.

సంగీతం నేర్చుకుంటున్నవారు, పిల్లలకు నేర్పిస్తున్నవారు ఇది వదులుకోకూడదు. సరదాగా పాట విని పోదామని వచ్చినవారు మాత్రం ఆ గంట హాయిగా నిద్రపోవచ్చు, నష్టమేమీ లేదు. కొత్తగా వచ్చినవారిని ఉదయాన్నే లేపి ఇక్కడికి లాక్కుపోతే వాళ్లు మళ్లీ చెన్నై వైపు చూడరు.

మధ్యాహ్నం: నేను ఓటు వేసే పూట

పన్నెండు నుంచి నాలుగు లోపల జరిగే కచేరీలకు హాలు సగం కూడా నిండదు. వేదిక మీద ఉన్నవారి వయసు చాలాసార్లు ఇరవైల్లో ఉంటుంది. తలుపు తీసే ఉంటుంది, నేరుగా వెళ్లి మూడో వరసలో కూర్చోవచ్చు. మృదంగం మీద వేళ్లు ఎలా ఆడుతున్నాయో, వయొలిన్ వాయించేవారు గాయకురాలి వైపు ఎప్పుడు ఓరగా చూస్తున్నారో అన్నీ కనిపిస్తాయి. సాయంత్రం ఎంత డబ్బు పెట్టినా ఆ సీటు దొరకదు.

చోటు మాత్రమే కాదు, పాడేవారి పరిస్థితి కూడా ఈ పూటకు బలం. పెద్ద సభలో మధ్యాహ్నపు అవకాశం వచ్చిందంటే అది ఏళ్ల తరబడి ఎదురుచూసినది. అక్కడ బాగా పాడితే వచ్చే ఏళ్లలో నాలుగు గంటల కచేరీకి, అటుపైన సాయంత్రానికి పైమెట్టు ఎక్కవచ్చు. అందువల్ల ఆ గంటన్నరకు నెలల తరబడి సాధన చేసి వస్తారు. డిసెంబరంతా రోజు మార్చి రోజు పాడే ప్రముఖుల గొంతు చలికి, అలసటకు మూడో వారం నాటికి కాస్త బొంగురుపోవడం మామూలే. మధ్యాహ్నం పాడే అమ్మాయి గొంతు మాత్రం తాజాగా ఉంటుంది. నా మటుకు నాకు ఈ సీజనులో గుర్తుండిపోయిన ఆలాపనల్లో ఎక్కువ భాగం ఈ వేళల్లో విన్నవే. కొన్నింటిని పాడినవారి పేర్లు అప్పటికి నేను ఎన్నడూ విననివి.

లోటు లేదని అనను. సమయం తక్కువ కాబట్టి పూర్తిస్థాయి రాగం తానం పల్లవి (రాగాన్ని ఆలాపించి, తానం పాడి, ఆపైన ఒకే వాక్యాన్ని రకరకాలుగా విస్తరించే అంశం) అరుదు. తొందరపాటు కనిపిస్తుంది. నేర్చుకున్నదంతా ఒకేసారి చూపించాలన్న తపనలో కల్పనస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు, లెక్కల పరీక్షలా తయారవుతాయి. కొన్ని కచేరీలు చప్పగా ఉంటాయి. ఉచితం కాబట్టి రెండు పాటలు విని నచ్చకపోతే లేచిపోవచ్చు. పాట మధ్యలో మాత్రం లేవకండి, చప్పట్లు కొట్టే వేళ వరకు ఆగండి.

తెలుగువారికి ఇక్కడ ఇంకో లాభం ఉంది. ఈ తరం యువ గాయకుల్లో కొందరు ఉచ్చారణ మీద ప్రత్యేకంగా శ్రమిస్తున్నారు. నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటం) చేసేటప్పుడు సాహిత్య పాదాన్ని అర్థం చెడకుండా ఎక్కడ విరవాలో తెలిసి పాడేవారిని వింటే, ఒకే వాక్యాన్ని పది రకాలుగా చెప్పించుకున్న అనుభూతి కలుగుతుంది. భాష రానివారికి అందులో స్వరమే వినిపిస్తుంది. మీకు రెండూ అందుతాయి.

నాలుగు గంటలు

మధ్యాహ్నపు వడి ఇంకా తగ్గని, సాయంత్రపు పరిణతి అప్పుడప్పుడే వస్తున్న గాయకులు ఈ వేళ పాడతారు. నా ఓటు మధ్యాహ్నాలకే అయినా, రెండు రోజుల్లో ఒకే ఒక్క కచేరీ వినగలిగితే ఏది వినాలని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. పక్కవాద్యాలవారు గట్టివారు ఉంటారు, ప్రధాన కృతికి తగినంత సమయం ఉంటుంది, కొందరు పల్లవి కూడా అందుకుంటారు. ఒకే చిరాకు ఏమిటంటే ఆరు కాకముందే సగం మంది లేచి సాయంత్రపు కచేరీ సీట్ల కోసమో, క్యాంటీను అరటాకు కోసమో బయల్దేరతారు. సరిగ్గా అప్పుడే తని ఆవర్తనం, అంటే తాళవాద్యాల వంతు, నడుస్తుంటుంది. మృదంగ విద్వాంసుడికి దక్కేదే ఆ పది నిమిషాలు. ఆ సమయంలో వీపు చూపించి వెళ్లేవారిని ఏమనాలో నాకు తెలియదు.

సాయంత్రం: ఎవరు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

వర్ణంతో మొదలై, చిన్న కృతులు, ఒక విస్తారమైన ప్రధాన కృతి, తని ఆవర్తనం, వీలైతే రాగం తానం పల్లవి, చివర తేలికపాటి పాటలు, మంగళం. ఇప్పుడు మనం కచేరీ అనుకుంటున్న ఈ కూర్పును గత శతాబ్దపు తొలి సగంలో స్థిరపరచిన ఘనత గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్‌ది. దాన్ని పూర్తిగా, తొందర లేకుండా వినాలంటే సాయంత్రమే వినాలి. ఎన్నడూ కచేరీకి వెళ్లనివారికి ఒక్కటైనా ఇలాంటిది చూపించాలి. పల్లవిలో తాళం మారకుండా ఒకే వాక్యాన్ని మూడు వేగాల్లో తిప్పడం, వెయ్యిమంది ఒకేసారి తొడ మీద తాళం వేయడం టీవీలో అందే సంగతి కాదు.

అయితే ఒక్క సాయంత్రం చాలు, రెండు అక్కర్లేదు. అది కూడా అకాడమీలోనే కావాలన్న పట్టు వదిలేయండి. పేరున్న గాయకుడు ఆ సీజనులో అరడజను సభల్లోనైనా పాడతాడు. అకాడమీ కోసం ప్రత్యేకంగా తయారై వస్తారన్న మాట నిజమే, అక్కడి రసికుల చెవి కూడా పదునే. కానీ అదే గాయకుణ్ణి మరో సభలో వింటే టికెట్టు సులువు, సీటు దగ్గర, పైగా ఆయన కాస్త మనసు విప్పి పాడతాడు. పరీక్ష రాసే మనిషికీ ఇంట్లో పాడుకునే మనిషికీ ఉన్న తేడా వినిపిస్తుంది. అకాడమీలో కూర్చున్నామని చెప్పుకోవడం మీకు ముఖ్యమైతే, సరే, కౌంటరు దగ్గర పొద్దున్నే వరసలో నిలబడండి.

చివరి అరగంట గురించి ఒక మాట. తని ఆవర్తనం కాగానే, పల్లవి కాగానే జనం పలచబడతారు. తెలుగు శ్రోత మాత్రం కదలకూడని సమయం అదే. క్షేత్రయ్య పదాలు (నిదానంగా సాగే శృంగార గీతాలు), జావళీలు పాడే అలవాటున్నవారు వాటిని చివరికే దాచుకుంటారు. వీణ ధనమ్మాళ్ ఇంటి పరంపర పదాలను అతి నెమ్మదిగా పాడుతుంది. ఆ పరంపరకు చెందిన శిష్యులు పాడితే నాయిక మాటలోని ఎత్తిపొడుపు, అలక, చనువు అన్నీ మీకు తెలుస్తాయి. హాల్లో మిగిలినవారు కళ్లు మూసుకుని తల ఊపుతుంటారు, మీకు నవ్వొస్తుంది.

ఉచ్చారణ విషయంలో రాజీ పడలేనివారికి సులువైన దారి ఒకటుంది. పట్టికలో తెలుగు గాయకుల పేర్లు చూసి వారిని పట్టుకోండి. శ్రీపాద పినాకపాణి, నేదునూరి కృష్ణమూర్తి ఇద్దరూ సంగీత కళానిధులే. పినాకపాణికి ఆ గౌరవం 1983లో, నేదునూరికి 1991లో దక్కింది. వారి దగ్గర నేర్చుకున్న మల్లాది సోదరుల వంటివారి పేరు మీరున్న రోజుల్లో కనిపిస్తే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టవచ్చు.

వాద్యమా, గాత్రమా?

మాట అడ్డు రాకుండా రాగం మాత్రమే కావాలనుకునేవారికి వాద్యం మేలు. పాలకొల్లు నుంచి వచ్చిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించినప్పుడు ఈ సభలే ఆశ్చర్యపోయి విన్నాయి. కరవదికి చెందిన షేక్ చినమౌలానా నాదస్వరానికి 1998లో సంగీత కళానిధి వచ్చింది. నాదస్వరం వినాలంటే మాత్రం హాల్లో మైకు ముందు కాకుండా, గుడి దగ్గరో ఆరుబయటో వినండి. మైలాపూరు కపాలీశ్వరుడి మాడవీధుల్లో ధనుర్మాసపు తెల్లవారుజామున తిరుప్పావై, భజనలు కూడా ఉంటాయి. వాటికి టికెట్టు లేదు, పట్టిక లేదు, స్వెట్టరు కూడా అక్కర్లేదు, చెన్నై చలి అంతే.

వీణ కచేరీకి పెద్ద సభ వద్దు. స్పీకర్లలో పడిన వీణ ఇనుప తీగలా మోగుతుంది. లజ్ ప్రాంతంలోని రాగసుధ లాంటి చిన్న హాళ్లలో వినండి. శబ్దం ఎక్కువైతే తలనొప్పి వచ్చేవారికి గాత్రమైనా సరే చిన్న హాలే నా సలహా.

ఇంకొన్ని దారులు

ప్యారీస్ కార్నర్ దగ్గర రాజా అన్నామలై మన్రంలో తమిళ ఇసై సంఘం ఉత్సవం జరుగుతుంది. కచేరీలన్నీ తెలుగు, సంస్కృతాలతో నిండిపోయాయన్న ఆవేదనతో 1940ల్లో సాగిన ఉద్యమం నుంచి పుట్టిన సంస్థ అది. అక్కడ తమిళ పాటలే పాడతారు. రెండు రోజుల కోసం వెళ్లిన తెలుగువారికి ఇది మొదటి ఎంపిక కాకపోవచ్చు. కానీ మనకు అర్థమయ్యే పాటలను దశాబ్దాల పాటు అర్థంకాకుండానే విన్న పక్కవారికి ఎలా అనిపించి ఉంటుందో తెలుసుకోవాలంటే ఒక గంట అక్కడ కూర్చోవడం మంచిదే.

నృత్యం కోసమే వచ్చేవారు ప్రయాణాన్ని జనవరికి జరుపుకోండి. అకాడమీ సంగీతోత్సవం జనవరి 1న బిరుదులు ప్రదానం చేసే సదస్సుతో ముగిసి, ఆ తర్వాత నృత్యోత్సవం మొదలవుతుంది. తిరువాన్మియూరులో నృత్య శిక్షణకు పేరున్న కళాక్షేత్ర ఉంది. వెంపటి చినసత్యం 1963లో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ కూడా ఈ నగరంలోనిదే.

జనవరిలోనే కుదిరే సంగీతాభిమానులకు తిరువయ్యారు ఉంది. సాధారణంగా జనవరిలో వచ్చే పుష్య బహుళ పంచమి నాడు కావేరి ఒడ్డున, గాయని బెంగళూరు నాగరత్నమ్మ కట్టించిన త్యాగరాజు సమాధి మందిరం ముందు, వందలమంది కూర్చుని పంచరత్న కృతులు కలిసి పాడతారు. మిగతా వేళల్లో ఒక్కో కళాకారుడికి దక్కేది కొద్ది నిమిషాలే. కచేరీ కోసం చెన్నై, గోష్ఠి గానం కోసం తిరువయ్యారు. ఈ రెండింటి మధ్య పోటీ పెట్టనక్కర్లేదు. అమెరికాలో ఉండి డిసెంబరులో రాలేనివారికి 1978 నుంచి వసంతకాలంలో జరుగుతున్న క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవం దగ్గరి దారి.

ఎవరికి ఏది

మొదటిసారి వెళ్తున్న దంపతులు శనివారం ఒక మధ్యాహ్న కచేరీ, ఒక సాయంత్రపు కచేరీ పెట్టుకోండి, రెండూ ఒకే పేటలో. ఆదివారం నాలుగు గంటలది ఒక్కటే చాలు. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలున్నవారు ఉదయపు ప్రసంగంలో ఒకటి, మధ్యాహ్నం రెండు వినిపించండి. తమకంటే పదేళ్లే పెద్దవారు వేదిక మీద కనిపిస్తే పిల్లలకు కలిగే ఉత్సాహం వేరు. వాళ్లను సాయంత్రపు రెండున్నర గంటల కచేరీలో కట్టిపడేయకండి. పెద్దవయసువారితో వెళ్తే హాలుకు నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో బస చూసుకోండి. రోజుకు ఒక్క సభకే పరిమితమై, మధ్యలో అక్కడి క్యాంటీనులోనే భోంచేయండి. బాగా ముదిరిన రసికులకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్లు ఈపాటికే ఎర్ర సిరాతో పట్టికలో గుర్తులు పెట్టుకుని ఉంటారు.

నెలలో ఏ వారాంతం అన్నది కూడా తేలాలి. గొంతులు తాజాగా ఉండాలంటే డిసెంబరు మూడో వారం లోపల వెళ్లండి. క్రిస్మస్ సెలవుల వారాంతంలో విదేశాల నుంచి వచ్చేవారు కూడా తోడవుతారు కాబట్టి టికెట్టు, గది రెండూ గగనమే.

తిరుగు రైలు విషయం ముందే చూసుకోండి. సాయంత్రపు కచేరీ తొమ్మిది దాటేదాకా సాగుతుంది. ఆ లోపల బయల్దేరే బండికి టికెట్టు తీసుకుంటే ఆదివారం నాలుగు గంటల కచేరీయే మీ చివరిది. మంగళం దాకా ఉండాలనుకుంటే సోమవారం ఉదయపు బండికే తీసుకోండి.